మడతకు అర మిల్లీమీటరు

పలాస కాశీబుగ్గలో రైలు గేటుకు ఇవతల, జీడిపప్పు కొట్ల వరస ముగిసే చోట, బైరాగి రేకుల దుకాణం ఉండేది. బోర్డు లేదు. గుమ్మానికి ఒక గరాటా వేలాడేది. లోపల ఒకరు కూర్చుంటే వచ్చినవారు నిలబడాలి. నేల మీద అడుగున్నర పొడవు రైలు పట్టా ముక్క. దాని మీద అతను నలభై ఏళ్ళు రేకు మడిచాడు.

పుట్టింది పలాసలో కాదు. కవిటి దాటి, కొబ్బరి తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, ఒక చేపలవాళ్ళ పేటలో. తండ్రికి తెప్ప ఉండేది. పదేళ్ళ వయసులో బైరాగిని తెప్ప ఎక్కించాడు. కెరటాలు దాటకముందే వాంతులయ్యాయి. రెండేళ్ళు ఎక్కించాడు. రెండేళ్ళూ అంతే. పేట ఆడవాళ్ళు, "ఓలమ్మ, ఈడు సేపలకి మేత ఏత్తన్నాడే" అని నవ్వేవారు. తండ్రి నవ్వలేదు. ఒకనాడు కొడుకును పలాస తీసుకొచ్చి, రేకుపని చేసే పాపారావు దగ్గర కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళాడు.

పాపారావు తక్కువ మాటల మనిషి. రేకు కత్తిరించడం, మడవడం, టంకం వేయడం చేతులతో చూపించాడు. నోటితో నేర్పింది ఒక్కటే.

"సదువుకున్నోలు కాయితం మీద బొమ్మ గీసి తెత్తారు. అందులో మడత ఉండదు. రేకు మడిత్తే మడత కొంత తినేత్తాది. ఆలకి తెలీదు. నువ్వు అడక్కు. అడిగితే సిన్నబుచ్చుకుంతారు. నువ్వే కలిపేసి, సేసి ఇచ్చేయ్."

మందపు రేకైతే మడతకు అర మిల్లీమీటరు. పలచటి రేకైతే అందులో సగం. పాపారావుకు మిల్లీమీటర్లు తెలియవు. గోరు మందం, గోరులో సగం అనేవాడు. బైరాగి తర్వాత స్కేలు పెట్టి కొలిచి తెలుసుకున్నాడు. కలపడం మాత్రం ఎన్నడూ చెప్పి కలపలేదు. కాగితం తప్పని ఎవరికీ తెలియకుండానే వస్తువు సరిగ్గా వచ్చేది. పాపారావు దగ్గర పని నేర్చినవాళ్ళందరికీ అది మర్యాద.

చాలా ఏళ్ళు అతని పని జీడిపప్పు డబ్బాలు. పప్పు నింపాక గాలి దూరకుండా మూత చుట్టూ టంకం వేసేవాడు. తొంభైల చివరికి పప్పు ప్లాస్టిక్ సంచుల్లోకి మారింది. తొంభై తొమ్మిది తుఫానుకు ఉద్దానంలో కప్పులు లేచిపోయినప్పుడు ఒక ఏడాది చేతినిండా పని. ఆ తర్వాత మిగిలినవి గరాటాలు, కుంచాలు, కారే బకెట్లకు మాట్లు. భార్య తవిటమ్మ జీడిపప్పు ఒలవడానికి వెళ్ళేది. జీడి రసానికి ఆమె వేళ్ళు నల్లబడి ఉండేవి. పిల్లలు లేరు.

2006 వానాకాలంలో యుగంధర్ వచ్చాడు.

టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో అతను ఫిజిక్స్ చెప్పేవాడు. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగి ఉన్నాయి. పాదాలు వాస్తే అది కిడ్నీ జబ్బని ఉద్దానం మనిషికి చెప్పనక్కర్లేదు. చేతిలో చుట్టిన గ్రాఫు కాగితం.

"ఒక రేకు మడవాలి. కాలువలు కాలువలుగా."

"షట్టరు రేకులాగ?"

"దగ్గరదగ్గర అలాగే. కాని కొలత తప్పకూడదు."

"తప్పితే ఏటవుద్ది సార్? నీరు కారతాదేటి?"

"నీరు కాదు. వెలుగు కారుతుంది."

బైరాగి అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదు.

మాటల్లో ఇద్దరిదీ కవిటి వైపేనని తెలిసింది, బైరాగి తెప్ప మీద వాంతుల కథా బయటికొచ్చింది. యుగంధర్ కొబ్బరి రైతుల ఇంటి వాడు. అది తెలిశాక అతని మాట మారింది. తనను సార్ అన్న బైరాగిని అతను మావా అన్నాడు. పక్క కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ చెప్పాడు.

"ఒక లేజరుంది మావా. మన దగ్గర లేదు, ఎక్కడో పెద్ద ల్యాబుల్లో ఉంది. సెమీకండక్టరు పలక. గోటి మీద పెడితే నలుసులా ఉంటాది. దాని నోట్లోంచి టెరాహెర్ట్జ్ అనే వెలుగొస్తాది. కంటికి కనపడదు. ఆ వెలుగు అల పొడవు మిల్లీమీటర్లో పదో వంతు. అదొచ్చే నోరు అందులో మళ్ళీ పదో వంతు. అల పెద్దది, నోరు చిన్నది. అందుకని బయటికి రాగానే నలుదిక్కులకీ పోతాది. ఒక దిక్కుకి పట్టి పంపలేకపోతన్నారు."

బైరాగి గుమ్మానికి వేలాడే గరాటాను చూపించాడు. "గరాటా పెట్టీరాదా?"

"పెట్టొచ్చు. అంత చిన్నదానికి గరాటా అతికించడం కష్టం. నేను నోటికి రెండు పక్కలా కాలువలు తవ్వుదామంటన్నాను. వెలుగు కొంత ఆ పలక మీదే పాకుతాది. పాకేటప్పుడు ఒక్కో కాలువ దగ్గరా కొంచెం కొంచెం పైకి లెగుస్తాది. కాలువల మధ్య దూరం సరిగ్గా ఉంటే అన్నిటి దగ్గరా ఒకే అడుగు మీద లెగుస్తాది. అప్పుడన్నీ కలిసి నేరుగా ముందుకి పోతాయి."

"పెద్దవల లాగినట్టు," అన్నాడు బైరాగి. "పదిమందీ ఒక్క ఊపున లాగితే నేరుగా వత్తాది. ఎవుడి ఊపు ఆడిదైతే వల పక్కకి పోద్ది."

యుగంధర్ టీ గ్లాసు దించాడు. "మా పిల్లలకి ఈ ముక్క మూడేళ్ళు చెప్పినా ఎక్కదు."

లేజరు తన దగ్గర లేదని, రాదని చెప్పాడు. కాలేజీలో మూడు సెంటీమీటర్ల అల పుట్టించే చిన్న పెట్టె ఉంది. అన్నిటినీ మూడువందల రెట్లు పెంచితే లెక్క మారదు. లేజరు నోరు మూడు మిల్లీమీటర్ల సందు అవుతుంది. కాలువలు బైరాగి రేకు అవుతాయి.

"అయితే మనం సేసేది బొమ్మ," అన్నాడు బైరాగి.

"బొమ్మే. బొమ్మలో నిలబడితే అసల్లోనూ నిలబడుద్ది. అది రాసిస్తే డాక్టరేటు."

"దీంతో కిడ్నీలు సూడొచ్చేటి?"

ఉద్దానంలో ఏ కొత్త యంత్రం గురించి విన్నా మనుషులు అదే అడుగుతారు.

"అందాకా పోదు మావా. నీళ్ళు తగిలితే ఆగిపోతాది. మనమంతా నీళ్ళే." గ్లాసులో మిగిలిన టీ తాగి అన్నాడు. "మా నాన్న కిడ్నీలతోనే పోయాడు. నా క్రియాటినిన్ నాలుగు మీదుంది. యూనివర్సిటీ వాళ్ళ గడువు వచ్చే ఏడాది దసరాకి అయిపోతాది. ఆ లోపల ఈ వెలుగు ఒక దిక్కుకి పోతే చాలు."

చిన్న విషయం చెప్పినట్టు చెప్పి, టీ గ్లాసు బల్ల కింద పెట్టాడు.

మొదటి రేకు చిన్నది. సందుకు అటు రెండు, ఇటు రెండు కాలువలు. కాలువ వెడల్పు పది మిల్లీమీటర్లు, లోతు ఐదు. కాలువ నుంచి కాలువకు ఇరవై ఎనిమిది. బైరాగి గ్రాఫు కాగితాన్ని రేకు మీద పరిచి చూశాడు. గీతలన్నీ నేరుగా ఉన్నాయి. మడత లేదు. పాపారావు చెప్పినట్టే కలిపి, మడిచి, చెక్కకు మేకులతో బిగించి ఇచ్చాడు. ఏమీ అనలేదు.

ఒక ఆదివారం యుగంధర్ అతన్ని టెక్కలి పిలిచాడు. ల్యాబు గది చాలదని కాలేజీ వరండాలో పెట్టారు. ఎనభై అడుగుల వరండా. ఈ చివర తిరిగే స్టూలు మీద రేకు, దాని వెనక పెట్టె. స్టూలు కింద నల్లబల్ల మీద వాడే పెద్ద చెక్క కోణమానిని. ఆ చివర సూది ఉన్న మీటరు ముందు ల్యాబు అటెండరు గోవిందరావు కూర్చున్నాడు. యుగంధర్ స్టూలును ఒక్కో డిగ్రీ తిప్పుతాడు. గోవిందరావు అంకె కేకేస్తాడు.

"ఎంత?"

"పన్నెండండి."

"ఇప్పుడు?"

"పదమూడు. మేష్టారూ, ఈ సూదికి నాకులాగే ఆదివారం నేదండి."

"నీకు ఇడ్లీలు పెట్టిస్తాను, చూసి చెప్పు."

"పెట్టిత్తే పదిహేనండి. నేపోతే పద్నాలుగు."

బైరాగికి కనిపించింది ఏమీ లేదు. రేకు తిరుగుతోంది, దూరంగా ఒక మనిషి అంకెలు అరుస్తున్నాడు. అయినా మధ్యాహ్నానికి యుగంధర్ గ్రాఫు మీద చుక్కలు కలిపినప్పుడు, పలచని గుట్ట ఒకటి లేచింది. కాలువలు లేని రేకుకు గుట్టే లేదు, గీత నేలబారుగా ఉంది.

"నాలుగు కాలువలకే ఇంత," అన్నాడు యుగంధర్. "అటు పది ఇటు పది పెడితే ఇది సూదిలా లెగాలి."

బస్సెక్కేదాకా బైరాగి ఆ గుట్టనే తలచుకున్నాడు. తను చేసిన వస్తువుల్లో నూనె పోశారు, పప్పు నింపారు, వడ్లు కొలిచారు. కనపడనిది మొదటిసారి.

ఇంట్లో రెండో రేకుకు గీత గీస్తూ యుగంధర్ ఒక సంగతి గ్రహించాడు. మొదటి గీతలో మడతకు పోయే రేకును అతను లెక్క వేయలేదు. వర్క్‌షాపు పుస్తకం తీసి చూశాడు. సిగ్గుపడ్డాడు. పని తెలిసిన మనిషికి తప్పు గీత ఇచ్చాడు, ఆ మనిషి పల్లెత్తు మాట అనకుండా మడిచి ఇచ్చాడు. నాలుగు కాలువలకు ఆ తేడా పెద్దగా తెలియలేదనుకున్నాడు. ఈసారి ప్రతి మడతకూ అర మిల్లీమీటరు తనే కలిపి గీశాడు. కలిపానని చెప్పలేదు. చెబితే మొదటి తప్పు కూడా చెప్పాలి.

బైరాగి కాగితం పరిచాడు. చదువుకున్నవాళ్ళ గీత. మడతకు అర మిల్లీమీటరు కలిపాడు.

కాలువకు నాలుగు మడతలు. కాలువ కాలువకూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. అతను కాలువను పది మిల్లీమీటర్ల ఇనప పట్టీ మీద మడిచేవాడు కనక కాలువ వెడల్పు, లోతు సరిగ్గానే వచ్చాయి. ఎక్కువైందంతా కాలువల మధ్య చదునుగా ఉండే నేలలో చేరింది. రెండు చివర్లా చెక్క దాటిన రేకును కత్తిరించేశాడు. పదో కాలువ ఉండాల్సిన చోటికి రెండు సెంటీమీటర్లు అవతల ఉంది. మూడు సెంటీమీటర్ల అలకు అది చాలా దూరం.

యుగంధర్ రేకు అందుకుని రెండు కాలువల్లో వెర్నియరు కొలబద్ద పెట్టి చూశాడు. వెడల్పు పది. లోతు ఐదు.

"నీ చెయ్యి చెయ్యే మావా," అన్నాడు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక వరండాలో పెట్టారు. బైరాగి వెళ్ళలేదు. ఆ వేళ యుగంధర్‌కు గుట్ట రాలేదు. మధ్యలో పల్లం వచ్చింది. పల్లానికి రెండు పక్కలా, నాలుగేసి డిగ్రీల దూరంలో, రెండు గుట్టలు. వెలుగు రెండుగా చీలింది.

అతను రేకును అనుమానించలేదు. లెక్కను అనుమానించాడు. రేకు మీద పాకే అల వేగాన్ని తను తప్పుగా అంచనా వేశాననుకున్నాడు. మళ్ళీ లెక్కవేశాడు. కంప్యూటరులో ఒక పద్ధతి, చేత్తో ఒక పద్ధతి. రెండూ ఒకటే చెప్పాయి, ఒక్క గుట్టే రావాలని. మళ్ళీ వరండాలో పెడితే మళ్ళీ రెండే. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. పరీక్షల పేపర్లు దిద్దుతూ, మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆదివారాలు స్టూలు తిప్పుతూ గడిపాడు. జూన్‌లో క్రియాటినిన్ తొమ్మిదయింది. వారానికి రెండుసార్లు విశాఖపట్నంలో డయాలసిస్ మొదలైంది. గోవిందరావు అంకెలు కేకవేయడం మానేశాడు. కాగితం మీద రాసి తెచ్చి చేతికిచ్చేవాడు.

పలాసలో బైరాగికి ఇవేవీ తెలియవు. పని అయిపోయి ఉంటుందనుకున్నాడు. సెప్టెంబరు మొదట్లో గోవిందరావు జీడిపప్పు కొనడానికి వచ్చి చెప్పాడు.

"మీ సార్ పని అయిపోనాది బైరాగీ. మనిషి సగం అయిపోనాడు. ఆ లెక్కా కుదర్నేదు."

మర్నాడు బైరాగి టెక్కలి వెళ్ళాడు. యుగంధర్ భార్య దుర్గాదేవి తలుపు తీసింది. బడిలో తెలుగు చెప్పేది. ఆమె చేతిలో మందుల చీటీ ఉంది.

"రా అన్నయ్యా. లేచే ఉన్నారు."

యుగంధర్ పడక్కుర్చీలో ఉన్నాడు. ముఖం నల్లబడింది. ఎడం చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది. ఒళ్ళో నోటుపుస్తకం.

"సముద్రం పడనోడు బస్సెక్కి వచ్చాడే," అన్నాడు.

"బస్సుకీ వాంతులే సార్. మీ కోసం ఆపుకున్నాను."

యుగంధర్ నవ్వాడు. దుర్గాదేవి కూడా నవ్వి లోపలికి వెళ్ళింది. అతను రెండు గుట్టల గ్రాఫు చూపించాడు.

"నా లెక్కలో ఎక్కడో తప్పుంది. ఎనిమిది నెలలు వెతికాను. దొరకలేదు. గైడు గారు అడుగుతున్నారు, ఇవ్వగలవా మానుకుంటావా అని. మానుకుంటానని రాసేస్తాను. ఈ వారమో, పై వారమో."

"అంత పనేటి సార్. ఇంకోపాలి సూడండి."

"ఎన్నిపాళ్ళు చూసేది. నీ రేకు మాత్రం అచ్చంగా వచ్చింది." తర్వాత, ఏదో గుర్తొచ్చి, కొంచెం సిగ్గుగా అన్నాడు. "మొదటి రేకుకి నేను మడత లెక్కవేయకుండా గీసిచ్చాను. నువ్వేం అనుకున్నావో ఏటో. రెండోదానికి కలిపే గీశాన్లే."

బైరాగి చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాడు.

ఆ గదిలో అతను ఇంకా పావుగంట కూర్చున్నాడు. తనూ కలిపానని చెప్పలేదు. యుగంధర్ కొబ్బరి ధర అడిగితే జవాబిచ్చాడు. దుర్గాదేవి టీ ఇస్తే తాగాడు. లేచేటప్పుడు, "ఆ కాయితం ఉంటే ఇయ్యండి సార్, నాను దాసుకుంతాను" అని రెండో రేకు గీతను అడిగి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చి తవిటమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి విన్నది.

"సెప్పేసి రాకపోనావా?"

"ఎలగ సెప్పేది. ఎనిమిది నెల్లు ఆ మనిషి తన బుర్రనే తిట్టుకున్నాడు. తప్పు నా గోరులో ఉంది."

"రేపు తెల్లారి ఎల్లి సెప్పు. రేకు తరవాత సేసుకో."

"ఉట్టి సేతుల్తో ఎలగెల్తాను. కొత్తది సేసి అట్టుకెల్తాను. నాలుగు రోజుల పని. ఉత్తరం పై వారం అన్నాడు."

"ఈ వారమో పై వారమో అన్నాడని నువ్వే సెప్పినావు."

అతను రెండో రేకు గీతను విప్పి నేల మీద పరిచాడు.

ఆ మందం రేకు పలాసలో దొరకలేదు. బరంపురం వెళ్ళాడు. మొదటి కొట్లో లేదు, రెండో కొట్లో రెండు రోజులాగమన్నారు. అక్కడే సత్రంలో ఉన్నాడు. తెచ్చాక గీత గీశాడు. ఏమీ కలపలేదు. కాగితం మీద ఎంతుందో అంతే. ఏడో కాలువ దగ్గర సుత్తి జారి పక్కనున్న చదును రేకు వంగింది. రేకు పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు గోనెసంచిలో చుట్టి టెక్కలి తీసుకెళ్ళాడు.

దుర్గాదేవి బట్టలు సర్దుతోంది.

"మంగళవారం విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చాం అన్నయ్యా. ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చింది. మా తమ్ముడున్నాడు దగ్గర. నేను సాయంత్రం వెళ్తున్నాను."

"ఉత్తరం రాసినారా సార్?"

అలాంటప్పుడు ఉత్తరం గురించి అడిగినందుకు ఆమె అతన్ని వింతగా చూసింది.

"సోమవారం రాశారు. నేనే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను."

ఆ వేళ గురువారం.

బైరాగి గోనెసంచి భుజాన వేసుకుని గోవిందరావు ఇంటికి నడిచాడు. వరండా కావాలన్నాడు. క్లాసులు అయిపోయాక గోవిందరావు తాళం తీశాడు. పెట్టె పెట్టడం, మీటరు కలపడం అతనికి వచ్చు. ఎనిమిది నెలల్లో వచ్చింది. స్టూలు బైరాగి తిప్పాడు. పది డిగ్రీల దగ్గర మొదలుపెట్టాడు.

"మూడు," అన్నాడు గోవిందరావు అవతలి చివర నుంచి.

"నాలుగు."

"మూడు."

నాలుగు డిగ్రీల దగ్గర బైరాగి చెయ్యి ఆగింది. పాత రేకుకు గుట్ట లేచింది అక్కడే.

"ఆరే ఉంది. తిప్పు."

రెండు డిగ్రీలకు ముప్ఫై. ఒకటికి యాభై ఎనిమిది. సున్నా దగ్గర గోవిందరావు మీటరు మీదికి వంగాడు.

"ఎంత?"

"డెబ్భై నాలుగు." గోవిందరావు లేచి నిలబడ్డాడు. "బైరాగీ, సూది కొసకి పోనాది."

తర్వాత అవతలి పక్కకు తిప్పితే అదే వరసలో దిగింది. గోవిందరావు అంకెలన్నీ కాగితం మీద రాసి, కింద తేదీ వేశాడు. ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. ఆ వెలుగు రేకు నుంచి మీటరు దాకా నేరుగా పోతూనే ఉంది. పెట్టె ఆపడం ఇద్దరికీ గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న బండికి బైరాగి విశాఖపట్నం వెళ్ళాడు. ఆసుపత్రిలో యుగంధర్ పక్కన యంత్రం తిరుగుతోంది. ఎడం చేతికి రెండు గొట్టాలు. దుర్గాదేవి స్టూలు ఇచ్చి బయటికి వెళ్ళింది. బైరాగి కాగితం కుడిచేతికి ఇచ్చాడు.

యుగంధర్ అంకెలను పై నుంచి కిందికి చదివాడు. సున్నా దగ్గర ఆగాడు. మళ్ళీ పై నుంచి చదివాడు.

"ఏ రేకిది?"

"కొత్తది సార్. మీ గీతే. ఏటీ కలపనేదు."

యుగంధర్ కాగితాన్ని గుండె మీద పెట్టుకున్నాడు.

"అంటే పాతదానికి కలిపావు."

"కలిపేను. మా పనిలో అలవాటు. అడక్కుండా కలిపేత్తాం."

"మడతకెంత?"

"అర మిల్లీమీటరు."

యుగంధర్ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. లెక్క వేస్తున్నాడని బైరాగి గ్రహించాడు.

"ఇరవై ఎనిమిది ముప్ఫై అయింది. ముప్ఫైకి నాలుగు డిగ్రీలు. అంతే రావాలి. అంతే వచ్చింది." కళ్ళు తెరిచాడు. "నా లెక్క తప్పలేదు."

"తప్పనేదు సార్. తప్పు నాది."

"నేను కొలవలేదు మావా. కాలువలు కొలిచాను, మధ్య నేల కొలవలేదు. స్కేలు పెడితే తెలిసేది. నువ్వు చేశావని పెట్టలేదు."

దూరంగా ఎవరో దగ్గారు. నర్సు వచ్చి గొట్టం చూసి వెళ్ళింది.

"ఆ రోజు మా ఇంట్లో నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"అప్పుడు చెప్తే ఉత్తరం వేసేవాణ్ణి కాదు."

గొంతులో కోపం లేదు. మీటరు మీద అంకె చదివినట్టు అన్నాడు. బైరాగి తల వంచుకుని తన చేతులు చూసుకున్నాడు.

యుగంధరే మళ్ళీ అన్నాడు. "ఇంకో ఉత్తరం రాస్తాను. కొంచెం తేలికపడ్డాక. ఆ రేకు వంగకుండా చూడు."

"సూత్తాను."

తేలికపడలేదు. రెండుసార్లు ఇంటికి వచ్చాడు, రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. అంకెల కాగితం దిండు కింద ఉండేదట. ఉత్తరం మొదలుపెట్టాడు. గైడు పేరు, తేదీ, గౌరవనీయులైన అని ఒక మాట. 2008 జనవరిలో పోయాడు. కవిటిలో దహనానికి బైరాగి, గోవిందరావు వెళ్ళారు. ఆ నెలలో ఆ చుట్టుపక్కల అది నాలుగో చావు. కట్టెలు కొట్టేవాడు ఎవరింటికని కూడా అడగలేదు.

దుర్గాదేవి అంకెల కాగితం నకలు తీసి గైడుకు పంపింది. ఆయన మర్యాదగా జవాబు రాశాడు. చాలా బాధపడ్డానన్నాడు. ఫలితం చక్కగా ఉందన్నాడు. నమోదు ముగిసిపోయింది కనక చేయగలిగింది లేదన్నాడు. ఆమె ఆ ఉత్తరాన్ని నోటుపుస్తకంలో పెట్టి మూసింది.

రేకు బైరాగి దుకాణంలో గోడకు ఆనించి ఉండేది. దుమ్ము పడితే తుడిచేవాడు. వచ్చినవాళ్ళు, ఇదేటి, గుడ్డలుతికే పలకా అని అడిగితే కాదనేవాడు. అంతకంటే చెప్పేవాడు కాదు. తవిటమ్మ అతన్ని ఆ విషయం మళ్ళీ అడగలేదు. పప్పు ఒలిచి వచ్చాక ఎప్పుడైనా ఆ రేకు ముందు కూర్చుని కాళ్ళు చాపుకునేది.

రెండు వానలు గడిచాయి. ఒకరోజు నందిగాం నుంచి ఒక బడి పంతులు వచ్చాడు. చూరు నీళ్ళు పోవడానికి రేకు తొట్టి కావాలన్నాడు. కాగితం మీద రూళ్ళకర్ర పెట్టి చక్కగా గీసుకొచ్చాడు. బైరాగి కాగితం పట్టా మీద పరిచాడు.

"ఇందులో మడత కలిపేరా సార్?"

"మడతేంటి?"

"రేకు మడిత్తే కొంత తినేత్తాది. అది కలిపే గీసినారా, కలపకుండా గీసినారా?"

పంతులు ముఖం చిన్నబోయింది. పాపారావు చెప్పింది నిజమే.

"నాకేటి తెలుస్తాదయ్యా. అది నువ్వు చూసుకోవాలి గానీ."

"సూసుకుంతాను. అయినా మీ నోటితో సెప్పండి. కలిపేరా, నేదా?"

"లేదు."

బైరాగి గీత కింద పెన్సిలుతో మడత కలపలేదని ఒక గుర్తు పెట్టి, దాన్ని పంతులుకు చూపించాడు. అప్పుడు కత్తెర తీశాడు.